లక్షద్వీపాల కొబ్బరి త్రాడు

మిరియాలకు చరిత్ర ఉన్నది. నూలుబట్టకు చరిత్ర ఉన్నది. నీలిమందుకు చరిత్ర ఉన్నది. వాటికోసం సముద్రాలు దాటి వచ్చినవారి పేర్లు బడిపిల్లలకు సైతం తెలుసును. కాని ఆ సముద్రాలను దాటిన ఓడల పలకలను కుట్టి కలిపిన త్రాటికి, లంగరును పట్టి నిలిపిన మోకుకు అటువంటి ప్రసిద్ధి దక్కలేదు. కాయ కొట్టి, నీరు త్రాగి, కొబ్బరి తీసికొన్న తరువాత మిగిలే డొక్క నుండి పుట్టిన వస్తువు అది. మన కోనసీమలో ఎన్నో తరాలపాటు ఆ డొక్క పొయ్యిలోనికి పోయినది. అరేబియా సముద్రంలోని లక్షద్వీపాలలో మాత్రం అదే డొక్క బియ్యమైనది, బట్ట అయినది, ప్రభువునకు చెల్లించే పన్ను కూడా అయినది. ఒక చిన్న ప్రాంతపు ఆర్థిక చరిత్ర అంతా ఒక పీచుపోగు మీద వ్రేలాడిన ఉదాహరణలు ప్రపంచంలో బహుస్వల్పం. వాటిలో ఇది ఒకటి.

ఈ చరిత్రను పరిశీలించేవారికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఒక వస్తువు ఉత్పత్తి పెరిగినప్పుడు ఆ ప్రాంతం బాగుపడినదనీ, తగ్గినప్పుడు చెడినదనీ అనుకొనుట వాడుక. లెక్కల పట్టికలు చదివేవారందరూ అట్లే చదువుతారు. లక్షద్వీపాల త్రాటి కథ ఈ వాడుకను నిలదీస్తుంది.

మొదట ఆ దీవుల స్వరూపం తెలిసికొనవలె. కొచ్చిన్ తీరానికి పడమటగా 220 నుండి 440 కిలోమీటర్ల దూరంలో పగడపు దిబ్బలమీద ఏర్పడిన భూములు అవి. మొత్తం వైశాల్యం 32 చదరపు కిలోమీటర్లు. మన కోస్తా మండలాలలో చిన్నదైన ఒక మండలంలో ఇమిడిపోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 64,473 మంది. ఆంద్రోత్తు, ఆమిని, కవరత్తి, కల్పేని, అగత్తి, కడమత్తు, కిల్తాను, చెత్లాతు, బిత్ర, మినికాయి ప్రధానమైన జనావాసాలు. మినికాయిలో తప్ప తక్కిన దీవులలో మలయాళపు మాండలికమే భాష; మినికాయివారిది మాల్దీవుల భాషకు తోబుట్టువైన మహల్. పగడపు ఇసుకలో వరి పండదు. కొబ్బరి పండుతుంది; కొబ్బరి ఒక్కటే చెప్పుకోదగినంతగా పండుతుంది. కనుక ఆ దీవులవారు తినే ప్రతి గింజ అన్నమూ సముద్రం దాటి రావలసినదే. సముద్రం దాటి రావలెనంటే దానికి బదులుగా సముద్రం దాటి ఏదో పోవలె. పోయినవి ఎండుకొబ్బరి, బెల్లం, చేప, అన్నిటికంటె ముఖ్యంగా త్రాడు.

ఈ త్రాటి ప్రసిద్ధి చాల ప్రాచీనమైనది. 11వ శతాబ్ది పూర్వార్ధంలో అల్‌బిరూనీ ఈ సముద్రంలోని ద్వీపాలను గురించి వ్రాస్తూ వాటిని రెండు తెగలుగా విభజించినాడు: గవ్వలు దొరికే దీవులు ఒక తెగ, కొబ్బరి పీచుతో త్రాళ్ళు పేనే దీవులు మరొక తెగ. రెండవ తెగకు ఆయన ఇచ్చిన పేరు ‘దీవ కన్‌బార్’. ఒక దేశాన్ని దాని రాజును బట్టి గాని, దాని దేవుని బట్టి గాని కాక, అక్కడి త్రాటిని బట్టి పేర్కొనుట విశేషం. 1343–44 సంవత్సరాలలో మాల్దీవులలో న్యాయాధిపతిగా ఉండిన ఇబ్న్ బతూతా ఈ పరిశ్రమను కన్నులారా చూచినాడు. డొక్కలను ఒడ్డున గోతులలో నానవేయుట, కట్టెలతో బాదుట, స్త్రీలు వాటిని పేనుట ఆయన వర్ణించినాడు. ఆ త్రాళ్ళు చైనాకు, హిందూదేశానికి, యెమెనుకు పోవుచుండెడివని చెప్పి, వాటితో కుట్టిన ఓడలే ఈ సముద్రానికి తగినవని కారణం కూడా చూపినాడు. ఇనుప మేకులతో బిగించిన ఓడ రాతిని తాకినప్పుడు పగులుతుంది; త్రాటితో కుట్టినది కొంత వంగి, కొంత సాగి, దెబ్బను ఓర్చుకొంటుంది.

ఈ మాట తెలుగు తీరానికి కొత్త కాదు. కోరమండలపు తీరంలో కెరటాల పోటును దాటి ఓడలకు సరుకులు చేర్చిన మసూలా పడవలు మేకులులేని పడవలు. వాటి పలకలను కొబ్బరి త్రాటితోనే కుట్టెడివారు. ఓడరేవు లేని చెన్నపట్టణంలో దొరలు ఒడ్డుకు దిగినది వాటిమీదనే. ఉభయ సముద్రాలలోను కుట్టుపడవ నిలిచినంత కాలం కొబ్బరి త్రాటికి గిరాకి తప్పలేదు. ఇంగ్లీషులోనికి పోయిన ‘కాయిర్’ అనే మాట మలయాళంలోని ‘కయర్’ నుండి పుట్టినదే.

త్రాడు తయారయ్యే క్రమం చూస్తే దానిలో ఎంత మానవశ్రమ పేనుకొని ఉన్నదో తెలుస్తుంది. బాగా ముదిరి ఎండిపోక ముందే, దాదాపు పది పదకొండు నెలల వయసులో కోసిన కాయ నుండి మేలైన తెల్లని పీచు వస్తుంది. డొక్కలను పోటునీరు తగిలేచోట ఇసుకలో గోతులు త్రవ్వి పాతిపెట్టి, కొట్టుకొనిపోకుండ పైన రాళ్ళు పేర్చుతారు. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరం వరకు, అవి ఉప్పునీటిలో నానవలె. ఆ కాలంలో పీచును అంటిపెట్టుకొని ఉన్న పొట్టు కుళ్ళి వదులవుతుంది. తరువాత పైకి తీసి, కొయ్యసుత్తెలతో బాది, పొట్టు రాల్చి, కడిగి, ఎండవేసి, విడదీసి, రెండు అరచేతుల మధ్య పేనుతారు. గోతులు త్రవ్వుట మొదలు పేనుట వరకు దాదాపు అంతా స్త్రీల పని. పురుషుడు చెట్టెక్కి కాయ దింపుతాడు. తయారైన త్రాటిని ఓడంలో వేసికొని మంగళూరుకో, కన్ననూరుకో, కోళిక్కోడుకో తెరచాప ఎత్తుతాడు. నడుమనున్న సంవత్సరమంతా స్త్రీ చేతులలోనే గడుస్తుంది. ఆ దీవులలో ఆస్తి తల్లివైపు నుండి సంక్రమించే ఆచారం ఉన్నది. అయినను ఆ చేతులకు దక్కిన ప్రతిఫలాన్ని నిర్ణయించినవారు ఆ ఇంటివారు కారు.

16వ శతాబ్దిలో పోర్చుగీసువారికి తమ నౌకలకోసం త్రాళ్ళు కావలసివచ్చినవి. వారు దీవులలో దిగి త్రాటిని బలాత్కారంగా తీసికొనిపోవుచుండిరి. ఆమినిలో దిగినవారికి అక్కడి ప్రజలు విషం పెట్టి చంపినారని దీవులలో ఐతిహ్యం ఉన్నది. ఆ శతాబ్దిలోనే కోలత్తిరి రాజు ఈ దీవులను కన్ననూరులోని అరక్కల్ వంశానికి ఇచ్చినాడు. కేరళలో రాజ్యమేలిన ముస్లిము కుటుంబం ఇది ఒక్కటే. ఆ వంశంలో పురుషుడు ప్రభువైతే అలీ రాజా, స్త్రీ ప్రభువైతే బీబీ. చాలకాలం వారు దీవుల వ్యాపారం నుండి సుంకాలు తీసికొని ఊరకున్నారు. 1764–65 ప్రాంతంలో పరిస్థితి మారినది. త్రాటి వ్యాపారమంతా ప్రభువునకే చెందవలెనని, దీవులవారు మరెవ్వరికీ అమ్మరాదని, నిర్ణయించిన వెలకే ఇయ్యవలెనని అలీ రాజా శాసించినాడు. గవ్వలు, తాబేటిచిప్ప, అంబరు మీద కూడా గుత్తాధికారం ఏర్పడినది.

గుత్త అనేది చూపునకు సామాన్యమైన మాట. బియ్యం పండని చోట దాని అర్థం వేరు. త్రాటిని కొనేవాడూ ఒక్కడే, బియ్యాన్ని అమ్మేవాడూ ఒక్కడే అయినప్పుడు తక్కెడ రెండు సిబ్బులూ అతని చేతిలోనే ఉంటాయి. త్రాటి వెల తగ్గించినా లాభమే. బియ్యపు వెల పెంచినా లాభమే. దీవులవారు త్రాటిని మానుకోలేరు, ఎందుకంటే అన్నాన్ని మానుకోలేరు. వెల తగ్గినకొలది అదే బియ్యానికి మరింత త్రాడు పేనవలెను. సాధారణంగా వెల తగ్గితే ఉత్పత్తి తగ్గుతుందని అర్థశాస్త్రం చెప్పుతుంది. ఇక్కడ వెల తగ్గినప్పుడు స్త్రీల చేతులు మరింత వేగంగా కదలినవి. కొబ్బరి ఎంత విలువైనదో ఎలుకలపై సాగిన యుద్ధం కూడా చెప్పుతుంది. చెట్లమీది కాయలను పాడుచేసే ఎలుకలను చంపుటకు ఊరంతా కట్టెలతో కదలిపోయే ‘కూట్టం’ అనే వేట దీవులలో వినోదం కాదు, విధి.

ఉత్తరాన ఉన్న ఆమిని, కడమత్తు, కిల్తాను, చెత్లాతు, బిత్రలవారు ఈ భారాన్ని సహించలేకపోయినారు. వారు మంగళూరు దారిపట్టి టిప్పు సుల్తానును ఆశ్రయించినారు. 1787లో ఆ ఐదు దీవులు మైసూరు ఏలుబడిలోనికి వచ్చినవి. బీబీకి సుల్తాను ప్రతిఫలంగా భూములు ఇచ్చినాడు. త్రాటి వెల కారణంగా ఒక ప్రజ ప్రభువును మార్చుకొన్న సంఘటన ఇది. సైన్యాలు నడిపిన తిరుగుబాట్ల పక్కన దీనికి చరిత్రలో చోటు దొరకకపోవుట వింత కాదు.

1799లో శ్రీరంగపట్టణం పడిపోయిన తరువాత ఆ ఐదు దీవులూ కుంఫిణీ ప్రభుత్వానికి దక్కి, దక్షిణ కన్నడ జిల్లాలో చేరినవి. ప్రభువు మారినాడు, గుత్త మారలేదు. త్రాడు మంగళూరులోని ప్రభుత్వపు కొఠారుకు చేరవలెను. అక్కడ నిర్ణీతమైన రేటుకు కొంత డబ్బు, కొంత బియ్యం ఇచ్చెడివారు. బజారులో త్రాటి ధర పెరిగినప్పుడు ఆ పెరుగుదల దీవులకు చేరలేదు. ఇటువంటి ఏర్పాటులో మేలిరకానికి, నాసిరకానికి భేదం పోతుంది. బాగుగా పేనినవారికీ అంతే, వదులుగా పేనినవారికీ అంతే అయినప్పుడు బాగుగా పేనవలెననే పట్టుదల ఎవరికి నిలుస్తుంది? బరువు ముఖ్యమైన చోట తడి త్రాడు, ఇసుక పట్టిన త్రాడు సహజంగానే పుట్టుకొని వస్తాయి.

దక్షిణాన ఉన్న దీవులు బీబీ చేతిలోనే నిలిచినవి. 1796 నాటి ఒడంబడికలో, కన్ననూరులోని ఇండ్లకు, తోటలకు, దీవులతోడి వ్యాపారానికి, దీవులలోని ఆస్తులకు కలిపి ఆమె కుంఫిణీకి సంవత్సరానికి 15,000 రూపాయలు చెల్లించుటకు అంగీకరించినది. ఈ మొత్తంలో ఎంతో భాగం చివరకు త్రాటి నుండే రావలె. ఈ విధంగా కుంఫిణీ బీబీని పిండినది, బీబీ మనుష్యులు దీవులను పిండినారు. అన్నిటికంటె అడుగున గోతిలో నానుచున్న డొక్కయే మిగిలినది.

1847 ఏప్రిల్‌లో ఘోరమైన తుపాను కల్పేనిని, ఆంద్రోత్తును, కిల్తానును దెబ్బతీసినది. కొబ్బరితోటలు నేలకొరిగినవి. మునిగిపోయి కొందరు, తరువాత ఆకలితో మరికొందరు చనిపోయినారు. మరునాడు మొక్క నాటినా కాపు రావలెనంటే ఏడెనిమిది సంవత్సరాలు పడుతుంది. అంతవరకు కాయ లేదు, డొక్క లేదు, త్రాడు లేదు. కనుక బియ్యమూ లేదు. కుంఫిణీ సహాయం పంపి, ఆ ఖర్చును బీబీ లెక్కలో వ్రాసినది. తుపాను తరువాత దీవుల స్థితిగతులను పరిశీలించుటకు పోయిన విలియం రాబిన్సన్ 1848లో సమర్పించిన నివేదిక ఈ చరిత్రకు ముఖ్యమైన ఆధారం. 1887లో వెలువడిన లోగన్‌గారి మలబారు గ్రంథంలో కూడా ఆ వివరాలు వాడబడినవి. బీబీ బాకీలు తీరలేదు. 1854లో ప్రభుత్వం దీవులను జప్తు చేసి, 1861లో తిరిగి ఇచ్చినది. 1875లో మరల జప్తు చేసినది. 1908లో అరక్కల్ వంశం తన హక్కులను పూర్తిగా వదులుకొన్నది.

ఇదే కాలంలో కేరళ తీరంలో త్రాటి చరిత్ర వేరొక దారి త్రొక్కినది. 1859లో జేమ్స్ డారా అనే అతడు ఆలప్పుళలో మగ్గాలు పెట్టి కొబ్బరి పీచు చాపలు నేయించే మొదటి కర్మాగారం స్థాపించినాడు. ఐరోపాలోని ఇండ్ల గడపలకు, నడవలకు ఆ చాపలు కావలసివచ్చినవి. ఓడకోసం పుట్టిన పీచు ఈ విధంగా ఇంటికోసం పనిచేయసాగినది. ఆవిరి ఓడలు, ఇనుప తీగ మోకులు వచ్చి పాత గిరాకిని మ్రింగివేసిన కాలంలో ఈ కొత్త గిరాకి పరిశ్రమను నిలిపినది. కర్మాగారం పనివారిని ఒకచోట చేర్చినది, చేరినవారు మాట్లాడుకొన్నారు. 1922లో వాడప్పురం బావా నాయకత్వాన ఆలప్పుళలో కార్మిక సంఘం పుట్టినది. 1938లో సార్వత్రిక సమ్మె జరిగినది. 1946 అక్టోబరులో పున్నప్ర, వయలారులలో తుపాకులకు ఎదురుపోయినవారిలో త్రాటి కార్మికులు అనేకులు. 1978లో వెలువడిన తకళి శివశంకర పిళ్ళె బృహన్నవలకు ‘కయర్’ అని పేరు పెట్టుటలో ఔచిత్యం ఈ చరిత్ర తెలిసినవారికి వెంటనే బోధపడుతుంది. అనేక తరాల కుట్టనాడు జీవితాన్ని పీచు పీచుగా పేనిన కథ అది.

దీవులలోని స్త్రీకి ఆ అవకాశం లేకపోయినది. ఆమె పనిచేసినది తన ఇంటి నీడలో. ఆమెకు యజమాని కంటికి కనబడడు. ఉన్నది కొఠారులోని రేటు మాత్రమే. రేటుకు ఎదురుగా సమ్మె చేయుట కష్టం. దీవులు ముడిత్రాటిని మాత్రం పంపి, నేత, రంగు, వ్యాపారపు లాభాలను ఒడ్డుకు వదలివేసినవి.

స్వాతంత్ర్యానంతరం 1953 నాటి చట్టం ననుసరించి 1954లో కాయిర్ బోర్డు ఏర్పడినది. 1956 నవంబరు 1న దీవులు కేంద్రపాలిత ప్రాంతమైనవి. అంతవరకు ఉత్తర దీవులు దక్షిణ కన్నడానికి, దక్షిణ దీవులు మలబారుకు చెంది, రెండూ మద్రాసు రాష్ట్రంలో భాగాలుగా ఉండెడివి. 1953 అక్టోబరు 1 వరకు సర్కారు జిల్లాలు, రాయలసీమ కూడా ఆ రాష్ట్రంలోనివే. అనగా కోనసీమ రైతు, కల్పేని స్త్రీ ఒకే ప్రభుత్వపు ప్రజలు, ఒకే చెట్టు ఫలం తినేవారు. 1964లో పరిపాలనా కేంద్రం కోళిక్కోడు నుండి కవరత్తికి మారినది. 1973లో లక్షద్వీప్ అనే పేరు అధికారికమైనది. గుత్త అంతరించినది. పీచు కర్మాగారాలు, ఉత్పత్తి ప్రదర్శన కేంద్రాలు ప్రభుత్వం ఆధ్వర్యంలో వెలసినవి. పీచు, త్రాడు, నడవ చాపలు వాటిలో తయారైనవి.

గుత్త తొలగిన తరువాత ఇండ్లలో త్రాడు పేనుట విస్తరించి ఉండవలెనని పైపైన చూచేవారికి తోచవచ్చును. జరిగినది దానికి విరుద్ధం. బడులు వచ్చినవి; ప్రభుత్వోద్యోగాలు వచ్చినవి; మరపడవలతో ట్యూనా చేపల వేట పెరిగినది; ఓడలలో బియ్యం క్రమంగా రాసాగినది. నైలాను త్రాడు చౌకగా దొరికినది. సంవత్సరంపాటు ఉప్పునీటిలో చేతులు నానవేసి సంపాదించే ఆదాయం కంటె మేలైన దారులు కుటుంబాలకు కనబడినవి. కూతుళ్ళు తల్లుల కొయ్యసుత్తెను అందుకొనలేదు. గోతులు పూడిపోయినవి. లెక్కల పట్టిక దీనిని క్షీణత అని పిలుస్తుంది.

ఇక్కడనే మొదటి ప్రశ్నకు సమాధానం ఉన్నది. గుత్త కాలంలో దీవుల త్రాడు సమృద్ధిగా మంగళూరు, కన్ననూరులకు చేరినది. ఆ సమృద్ధి వెనుక ఆకలి ఉన్నది. స్వేచ్ఛ వచ్చిన తరువాత త్రాడు తగ్గినది. ఆ తగ్గుదల వెనుక, మొట్టమొదటిసారిగా, కాదనే హక్కు ఉన్నది. ఒక పని విలువను తెలిసికొనవలెనంటే అది ఎంత జరిగినదని కాక, మానుకొనే వీలున్నవారు దానిని ఎందరు చేసినారని అడుగవలె. ఈ కొలతతో చూస్తే లక్షద్వీపాల త్రాటికి రెండు వందల యేండ్లపాటు న్యాయమైన వెల ఎన్నడూ కట్టబడలేదని తేలుతుంది. వెల కట్టకుండ తీసికొన్న నైపుణ్యం, బలవంతం పోయిన నాడు తనంతట తాను వెడలిపోయినది.

అయితే దీనిని సంతోషకరమైన ముగింపుగా భావించుట తొందరపాటు. వెళ్ళిపోయినది కష్టం మాత్రమే కాదు. ఏ వయసు కాయలో ఏ పీచు ఉన్నదో, ఏ ఇసుకలో డొక్క నల్లబడదో, ఎంత పేనితే పోగు తెగదో తెలిసిన జ్ఞానం కూడా దానితోపాటే సన్నగిల్లినది. ఇంతలో ఒడ్డున డొక్క విలువ తలక్రిందులైనది. 1970ల దశాబ్దంలో కేరళలో ఉపాధి పోవునన్న భయంతో పీచు యంత్రాలపై ఆంక్షలు పెట్టినారు. యంత్రాలు తమిళనాడులో పొల్లాచ్చి వంటి చోట్ల వెలసినవి. నానవేయని డొక్క నుండి తీసే గోధుమరంగు పీచు తెల్లపీచును దాటిపోయినది. ఒకనాడు గుట్టలుగా పడి నీటిని చెరచిన పొట్టు, మొక్కలు పెంచుటకు మట్టికి బదులుగా విదేశాలకు పోసాగినది. 2020–21లో భారతదేశపు కొబ్బరి పీచు వస్తువుల ఎగుమతి 3,778 కోట్ల రూపాయలు దాటినది. అందులో దాదాపు సగం ఆ పొట్టుదే. పొయ్యిలోనికి పోయిన కోనసీమ డొక్క నేడు యంత్రశాలకు పోవుచున్నది. త్రాటితో పేరు తెచ్చుకొన్న దీవులకు ఈ కొత్త సంపదలో దక్కే భాగం అత్యల్పం. బరువైన సరుకును అంత దూరం నుండి ఓడకెత్తే ఖర్చు దానికి ఒక ముఖ్య కారణం.

2017లో ఓఖీ తుపాను మినికాయి, కల్పేనిలలో కొబ్బరిచెట్లను కూల్చినది. 1847లో కూలినప్పుడు అది కరవు. 2017లో అది నష్టమే గాని కరవు కాలేదు. బియ్యం త్రాటిమీద ఆధారపడి లేదు. ఈ రెండు తుపానుల మధ్యనున్న భేదమే ఆ దీవుల ప్రజలు 170 సంవత్సరాలలో సాధించినది. ఇక మిగిలిన పని, ఆ గోతులను తిరిగి త్రవ్వవలెనా వద్దా అనేది వారి ఇష్టానికి వదలి, త్రవ్వదలచినవారికి వారి చేతి విలువ ఎంతో అంత వెల కట్టుట. అల్‌బిరూనీ ఆ దీవులకు త్రాటి పేరు పెట్టిన నాటినుండి ఆ లెక్క ఒక్కటే తీరకుండ ఉన్నది.